సముద్రం చూడని మా తాత ఓడెక్కిన సంగతి

మా తాత ఓడ కళాసీ. కాకినాడ రేవులో ఓడెక్కి రంగూన్ పోయిండు, అక్కడి నుంచి మంచు పడే దేశాల దాకా పోయిండు. నడిసముద్రంలో తుఫాను లేస్తే తెల్లదొరలంత మోకాళ్ల మీద పడి ఏడుస్తుంటే, ఆయన ఒక్కడే బాయిలర్ కాడ నిలబడి బొగ్గు ఎగేసి ఎగేసి ఓడను ఒడ్డుకు తెచ్చిండు.

ఇగ నిజం చెప్త. మా తాత బండలు కొట్టేటోడు. ఇప్పుడు అద్దాల బిల్డింగులు లేచిన ఈ కొండాపూర్, మాదాపూర్ బండల మీదనే సుత్తె, ఉలి పట్టుకొని బతికిండు. సముద్రం సంగతి దేవుడెరుగు, గండిపేట చెరువన్నా దగ్గరి నుంచి చూసిండో లేదో. ఓడ ముచ్చట మొత్తం నేను పుట్టించిందే. అది గూడ చిన్నతనంలో కాదు. బస్సు కండక్టరుగ రిటైరైనంక, నెత్తి మొత్తం నెరిసినంక, బాచుపల్లిలో ఒక ఫ్లాటులో సోఫా మీద కూసొని, చేతిలో చాయ్ కప్పు పట్టుకొని పుట్టించిన.

ఎందుకు పుట్టించిన్నో చెప్తే మీరే నన్ను మాఫ్ చేస్తరు.

మా వాడు హైటెక్ సిటీలో పనిచేస్తుండె. అదే బిల్డింగులో పై అంతస్తులో ఇంకో కంపెనీలో పనిచేసే అమ్మాయిని ఇష్టపడ్డడు. రెండూ క్రైస్తవ కుటుంబాలే. ప్రార్థన ఒక్కటే, పాటల పుస్తకం ఒక్కటే. ఫరక్ అంతా వంటింట్లోనే. మేం పచ్చిపులుసు అంటం, వాళ్లు పప్పుచారు అంటరు. వాళ్లది కాకినాడ, ఉండేది బాచుపల్లిలో. అమ్మాయి నాయిన బడిపంతులుగ చేసి రిటైరైన మనిషి, అందరూ మాస్టారు అనేవాళ్లు. మామూలు రోజులైతే ఈ సంబంధానికి అడ్డమేమీ లేదు. కానీ అవి మామూలు రోజులు కావు. తెలంగాణ కోసం కొట్లాట నడుస్తుండె. ఇయ్యాల బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి ఏందో పొద్దున లేచినంకనే తెలిసేది.

మాస్టారికి తల్లి ఉన్నది. అమ్మాయికి నాయనమ్మ. ఆమె పొద్దంతా టీవీ ముందర కూసునేది. టీవీలో పొద్దంతా 'పోవాలె, పోవాలె' అనే మాట. ఎవరు ఎవరిని అన్నరో, ఎందుకన్నరో ఆమెకు అక్కరలేదు. ఆమె భయం ఒక్కటే: రేపు రాష్ట్రమొస్తే మా ఇంట్లో తన మనవరాలిని 'బయటిదానివి, పో' అంటరేమో. ఆమె సరే అననిది మాస్టారు అడుగు వెయ్యడు. మాస్టారు అడుగు వెయ్యనిది మా వాడికి పెండ్లి లేదు.

మొదటిసారి వాళ్లింటికి మాటలకు పోయిన రోజు, నేను సీదా కొత్తగూడ చౌరస్తాలో వంటావార్పు నుంచి పోయిన. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడనే కూసొని తిని, బండ్లు కదలకుండ చేసే కొట్లాట అది. గంటె నా చేతిలోనే ఉండె. అంగీ నిండ పొగ.

"ఏదో పొగ వాసన వస్తోందండీ," అన్నరు మాస్టారు.

"చర్చిలో విందుకు పొయ్యి కాడ నిలబడ్డ లెండి," అన్న. మా ఆమె నా దిక్కు చూసిన చూపుకు ఆ పొయ్యి మళ్లీ అంటుకోవాలె.

నాయనమ్మ కండ్లద్దాలు సర్దుకొని అడిగింది: "మీ వాళ్లు మమ్మల్ని పొమ్మంటున్నారంట కదయ్యా. మరి మా పిల్లని తీసుకెళ్లి ఏం చేసుకుంటారు?"

"అట్ల ఏం లేదు పెద్దమ్మా..."

"ఏం లేదంటే ఎలా? మా నాన్న ఓడ కళాసీ. పరాయి ఊళ్లో అన్నం ముద్ద ఎలా దిగుతుందో మా ఇంట్లో పిల్లాపెద్దా అందరికీ తెలుసు. మీకేం తెలుస్తుంది?"

మా వాడు తల వంచుకొని కూసున్నడు. వాని చెవులు ఎర్రగయినయి. బస్సులో టికెట్ తీసుకోని మనిషి ఎన్ని కారణాలు చెప్తడో నేను జిందగీ మొత్తం విన్న. వాటన్నిటికంటె మంచిది ఒకటి ఆ ఘడియ నా నోట్లకెళ్లి దానంతటదే వచ్చింది.

"అట్లనకు పెద్దమ్మా. మా తాత గూడ ఓడ కళాసీయే."

మా ఆమెకు చాయ్ అడ్డం పడి దగ్గింది. నేను ఆగలేదు.

"మీ కాకినాడ రేవులోనే ఎక్కిండు. ఓడ వచ్చేదాక ఎవరో ఒక ముసలామె పిలిచి అన్నం పెట్టిందంట. 'కాకినాడోళ్ల ఉప్పు తిన్నంరా బిడ్డా, మర్చిపోకుండ్రి' అని చచ్చేదాక చెప్పిండు."

ఆమె మొహం మారింది. ముందుకు వంగింది. "ఏ పేటో చెప్పాడా?"

"రేవుకు దగ్గర్లనే అన్నడు..."

"జగన్నాధపురమా?"

"ఆ! గదే, గదే."

అంతే. కోడలితో బెల్లం గవ్వలు తెప్పించింది. తన చేత్తోనే నాకు పెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా ఆమె అడిగింది, "మీ తాత ఓడెక్కిండా? పటాన్‌చెరు బస్సన్న ఎక్కిండా?"

"సంబంధం కుదిరిందా, లేదా?"

"కుదిరింది. ఎన్నొద్దులు నిలుస్తదో చూస్త."

నిలిచేదేమో. కానీ దేశంలో ఇన్ని కంపెనీలుండంగ, ఆ పిల్లకు దొరికిన పని ఏందో తెలుసా? పాత ఓడలు. వెనకట ఓడల్లో పనిచేసినోళ్ల పట్టీలను దొరలు దాచిపెట్టిన్రంట. ఎవరు, ఎంత వయసు, ఏ ఊళ్లె పుట్టిండు, ఓడలో ఏం పని, ఎక్కడ ఎక్కిండు, ఎక్కడ దిగిండు, అన్నీ రాసి. ఆ కాగితాలను కంప్యూటర్లకు ఎక్కించిన్రు. పేరు కొడితే మనిషిని వెతికిచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారు చేసిన్రు. అందులో తప్పులు పట్టుడు ఈ పిల్ల ఉద్యోగం. ఈ సంగతి మా వాడు నాకు ముందే చెప్పి ఉంటే మా తాతను రైలుతోని సరిపెట్టేవాణ్ణి.

మరుసటి ఆదివారం చర్చి అయినంక మాస్టారు, అమ్మాయి మా కొండాపూర్ ఇంటికి వచ్చిన్రు. ల్యాప్‌టాప్ తోటి.

"అంకుల్, మీ తాతగారిని వెతుకుదాం," అన్నది ఆ పిల్ల. మొహం వెలిగిపోతున్నది.

"ఆఫీసు వస్తువు గదమ్మా, మన కోసం ఎందుకు..."

"ఇది అందరికీ తెరిచిందే అంకుల్. ఎవరైనా వెతుక్కోవచ్చు."

"ముందు మీ ముత్తాతను వెతుకు," అన్న, జర టైమ్ దొరుకుతదని.

పిల్ల మొహం కొంచెం వాడింది. "ఎన్నిసార్లు వెతికానో. ఇంటిపేరు ముందు పెట్టి, వెనక పెట్టి, బాప్తిస్మం పేరుతో, అంతకు ముందు పేరుతో. లేరంకుల్. తీరం వెంబడి తిరిగే చిన్న ఓడల పట్టీలు ఎవరూ దాచలేదు. ఆయన వాటిల్లో వెళ్లి ఉంటారు. నాయనమ్మకి చెప్తే, 'మా నాన్న ఓడెక్కడం ఊరంతా చూసింది, నీ మిషన్ చూడకపోతే దాని ఖర్మ' అంది. కానీ సాయంత్రం నేను ఇంటికి రాగానే అడుగుతుంది, 'ఇవాళ దొరికాడా?' అని."

అక్కడ నేను ఆగిపోయి ఉండాలె. ఆగలేదు. లోపల ఒక లెక్క వేసుకున్న: అసలు పేరే చెప్త. ఎక్కని మనిషి ఎట్ల దొరుకుతడు? దొరకకపోతే, పాత కాగితాలు చెదలు తిన్నయని అందరం బాధపడి చాయ్ తాగుతం. అంతటితోని ఖతం.

పేరు చెప్పిన. మా దిక్కు ఇంటికొకడు ఉండే పేరు. పిల్ల కొట్టింది. తెర మీద చిన్న చక్రం తిరిగింది. ఏమీ రాలేదు.

"పాపం. చెదలు," అన్న నేను, వీలైనంత బాధగ.

"ఆగండి అంకుల్. దగ్గర దగ్గర పేర్లు కూడా చూపించమందాం." ఏదో ఒక గడిలో టిక్కు పెట్టింది.

చక్రం మళ్లీ తిరిగింది. ఒక మనిషి వచ్చిండు. పేరు కొంచెం అటు ఇటుగ మా తాతదే. పుట్టిన ఊరు హైదరాబాద్. పని, బాయిలర్‌లో బొగ్గు వేసుడు. ఓడెక్కింది కలకత్తాలో.

"కలకత్తానా?" అన్నరు మాస్టారు కండ్లద్దాలు తీసి తుడుచుకుంటూ. నాకు జర ఊపిరాడింది. ఆయన ఇంకో క్షణం ఆలోచించి తొడ చరిచిన్రు. "సరిపోయింది బావగారూ! కాకినాడలో చిన్న ఓడెక్కి కలకత్తా వెళ్లి, అక్కడ పెద్ద స్టీమరు పట్టుకునేవాళ్లు!"

మా ఆమె వంటింటి గడప కాడ నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. ఏడుస్తున్నదనుకున్నరు మాస్టారు. "ఎమోషనల్ అవుతారు కదండీ," అన్నరు.

అబద్ధమాడినోడు దొరికిపోతనని భయపడతడు. నాకు రివాజు తిరగబడింది. నా అబద్ధానికే ఆధార్ కార్డు దొరికింది. ఇంకో మాట గూడ చెప్పాలె: ఆ పేరు తెర మీద చూసినంక నాకు నిజంగనే రోమాలు లేచినయి. ఏమో, మా తాత నడుమ కొన్నేండ్లు ఇంట్లో చెప్పకుండ పోయిండేమో? వారం తిరిగేసరికి చాయ్ హోటల్ కాడ మా తాతకు ప్రమోషన్ గూడ ఇచ్చిన. బొగ్గు పని నుంచి ఓడ నడిపేదాక తెచ్చిన. మొదట్లో మీకు చెప్పిన తుఫాను అక్కడ లేచిందే.

మా వాడు అడిగిండు, "డాడీ, నిజమేనా?"

"మిషన్ చెప్పింది గదరా."

తర్వాత మాస్టారు ఫోన్ చేసిన్రు. "బావగారూ, అమ్మ ఆ కాగితం ప్రింటు తీయించుకుని బైబిల్లో పెట్టుకుంది. బుధవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. మీ తాతగారి గురించి మీరు సాక్ష్యం చెప్పాలట. అదయ్యాక అందరి ముందూ పెళ్లి ప్రధానానికి రోజు ఖాయం చేద్దామంది."

ఫోన్ పెట్టేసి మంచం మీద కూలబడ్డ. సంబంధం మాటల్లో నాలుగు ఎక్కువ చెప్పుకుంటే దాన్ని పాపమనరు, ముచ్చటంటరు. సాక్ష్యం అట్ల కాదు. పదిమంది విశ్వాసుల నడుమ నిలబడి, దేవుడు నా ఇంట్లో ఇది చేసిండని చెప్పుడు. జిందగీలో నేను అన్ని చోట్ల పెంచి చెప్పిన. బస్సులో, యూనియన్ మీటింగులో, పెండ్లిళ్లలో, చావుల కాడ. సాక్ష్యంలో మాత్రం ఒక్కసారి గూడ లేదు. సరే, ఒక్కసారి జ్వరాన్ని టైఫాయిడ్ అని చెప్పిన. అంతే.

"చెప్పు ఇగ," అన్నది మా ఆమె. "తుఫాను గూడ చెప్పు. దేవుడు గూడ ఆశ్చర్యపడనీ."

బుధవారం వాళ్ల హాలు నిండింది. చాపలు, కుర్చీలు, చుట్టుపక్కల ఫ్లాట్ల వాళ్లు, చర్చి అయ్యగారు. పాటైంది. నాయనమ్మ ముందు కుర్చీలో బైబిలు ఒడిలో పెట్టుకొని కూసున్నది. నన్ను లేపే ముందు ఆమే రెండు మాటలు మాట్లాడింది.

"మా నాన్న దొరకలేదు. ఈయన తాత దొరికాడు. ఆ రేవుల్లో ఎక్కడో ఒకచోట ఇద్దరూ ఎదురుపడే ఉంటారు. ఆయన దొరికితే మా నాన్న సగం దొరికినట్టే నాకు."

నేను నిలబడ్డ. ఆ మాట ఆమె అనకపోయి ఉంటే తుఫాను చెప్పేవాణ్ణో ఏమో.

"నేను అబద్ధాలకోరును," అన్న.

"స్తోత్రం!" అన్నరంతా. మా సాక్ష్యాలన్నీ అట్లనే మొదలైతయి మరి.

"నిజంగనే. చాలా పెద్ద అబద్ధాలకోరును."

"స్తోత్రం! హల్లెలూయా!" వెనక ఎవరో చప్పట్లు గూడ కొట్టిన్రు. అయ్యగారు కండ్లు మూసుకొని తల ఊపుతున్నరు.

"అట్ల కాదయ్యా! ఎనకటి సంగతి కాదు. మొన్ననే, ఈ ఇంట్లోనే, ఆ సోఫా మీదనే కూసొని ఆడిన!"

ఈసారి స్తోత్రం సగంలోనే ఆగింది. అయ్యగారు కండ్లు తెరిచిన్రు.

"మా తాత ఓడెక్కలే. బండలు కొట్టేటోడు. సముద్రం చూడలే. పెద్దమ్మ సరే అనాలని నేను పుట్టించిన. ఆ రోజు నా అంగీకున్న పొగ గూడ చర్చి పొయ్యిది కాదు, వంటావార్పుది. నేను తెలంగాణ కావాలనేటోన్ని. రేపు గూడ పోత."

మా వాడు నేల చూపులు చూస్తున్నడు. మాస్టారు నన్ను చూస్తలేరు, తల్లిని చూస్తున్నరు. ఆమె బైబిలు మీద చెయ్యి పెట్టుకొని ఉన్నది.

"అయితే, అన్నం పెట్టిన ముసలామె?" అన్నది.

అన్నిట్లకంటె అదే నాకు కష్టమైంది. "ఆమె గూడ లేదు పెద్దమ్మా."

"మరి జగన్నాధపురమన్నావు?"

"అది నువ్వే అన్నవు."

వెనక ఎవరో నవ్వి, దాన్ని దగ్గులోకి మార్చుకున్నరు. ఆమె బైబిలు తెరిచి ప్రింటు కాగితం తీసింది. చింపుతదనుకున్న.

"మరి ఇందులో ఉన్నవాడెవడు?"

"తెల్వదు పెద్దమ్మా. ఎవరి తాతనో."

"వాడి వాళ్లు వాడిని వెతుకుతున్నారో లేదో పాపం," అని దాన్ని మడిచి మళ్లీ బైబిల్లోనే పెట్టింది. అప్పుడు నా కండ్లల్లకు చూసింది.

"మా ఉప్పు తిన్నారన్న మాట పట్టుకుని నేను సరే అనుకున్నాను. ఇప్పుడు ఆ ఉప్పు లేదు. రేపు మీ రాష్ట్రం మీకొచ్చాక, మీ ఇంట్లో ఎవడైనా మా పిల్లని పొమ్మంటే, నువ్వేం చేస్తావు?"

జవాబులు గుంపుగ వచ్చినయి. నా ప్రాణం అడ్డమేస్త, నా శవం మీదికెళ్లి పోవాలె, అన్నీ గొంతులో వరుసకట్టి నిలబడ్డయి. ఒక్కొక్కదాన్ని మింగిన.

"బయట ఎవరేమంటరో నా చేతిలో లేదు. మా ఇంట్లో అంటే, అన్నోడు ఆ పూట మా ఇంట్లో తినడు."

"పెంచి చెప్పట్లేదు కదా?"

"లేదు పెద్దమ్మా. జర తగ్గించే చెప్పిన."

ఆమె అయ్యగారి వైపు తిరిగింది. "ప్రార్థన చేయండి అయ్యగారూ. ప్రధానం వచ్చే నెల్లో పెట్టుకుందాం." నాతో అన్నది, "నువ్వు కూర్చోవయ్యా. సాక్ష్యం అయిపోయింది."

ఇంకేం కలపకుండ కూసున్న.

పెండ్లి అయ్యింది. ఇంకా కొన్ని బంద్‌లు, ఇంకా కొన్ని వంటావార్పులు అయినయి. ఒకసారి కోడలే డబ్బాలో ఆవకాయ పెట్టిచ్చింది, రోడ్డు మీది అన్నంలోకి. ఆఖరుకు రాష్ట్రం వచ్చింది. ఆ సాయంత్రం కొండాపూర్ మొత్తం పటాకులే. మా ఇంటి నిండ చుట్టాలు. నాయనమ్మ అప్పుడు మా ఇంట్లోనే ఉండె, మనవరాలి దగ్గర నాలుగు రోజులుండిపోదామని వచ్చి. కోడలు అందరికీ బగారా అన్నం వడ్డిస్తున్నది. మా చిన్నాయన కొడుకు, నాకు తమ్ముడి వరుస, పల్లెం పట్టుకొని నవ్వుకుంట అన్నడు:

"ఇగ రాష్ట్రమొచ్చె గదమ్మా. మూటాముల్లె ఎప్పుడు సదురుకుంటున్నవు?"

నాయనమ్మ చేతిలో ముద్ద అట్లనే ఆగింది.

నేను లేచిన. వాని గల్లా పట్టిన. గుంజుకపోయి గేటు అవతల పడేసిన. కొండాపూర్ మొత్తం చూసింది.

లేదు. నేను నోరు తెరవకముందే కోడలు గంటె గిన్నెలో పెట్టి, మా మాటలోనే అన్నది: "నాకేంది మామయ్యా సదురుకునుడు? నా ఇల్లు ఇదేనాయె. ఆఖరి బస్సు నీకున్నది, నువ్వు సదురుకో."

అందరూ పడిపడి నవ్విన్రు. వాడు గూడ నవ్విండు. ఇంకో గంటె వెయ్యమని పల్లెం చాపిండు గూడ. ముచ్చట అక్కడితో అయిపోయినట్లే. కానీ నేను మాటిచ్చి ఉన్న. వాకిట్లకు పోయి, చెప్పుల కుప్పలకెళ్లి వాని చెప్పులు ఏరి, మెట్టు మీద గేటు దిక్కు మొహం పెట్టి పెట్టిన.

"ఏందన్నా, మజాక్ చేసిన," అన్నడు వాడు.

"నేను గూడ మజాకే చేస్తున్న. నడువు."

వాడు నా మొహం చూసి పల్లెం కింద పెట్టిండు. మా ఆమె వెనకకెళ్లి పోయి వానికి డబ్బాలో అన్నం కట్టిచ్చింది. నేను అడ్డం చెప్పలే. మా ఇంట్లో తినడన్న గాని, తీస్కపోడనలే.

తర్వాతి ఆదివారం చర్చి వాకిట్లో నలుగురు చేరితే, గల్లా పట్టిన సంగతి మంచిగ చెప్తున్న. గేటు దాకా గుంజుకొచ్చిన. వెనక నాయనమ్మ కర్ర పట్టుకొని ఎప్పుడు వచ్చి నిలబడిందో చూడలే.

"గల్లా లేదు, ఏం లేదండీ," అన్నది వాళ్లతో. "చెప్పులు తెచ్చి పెట్టాడు. నేను చూశాను."